హిమాలయం మంచు, కొడిమ్యాల మొగులు

కొడిమ్యాల గుట్టల మీద మంచు కురవదు. పుష్యమాసంలో పొద్దున్నే పొగమంచు కమ్మి, ఎండెక్కేలోపు కరిగిపోతే అదే గొప్ప. అయినా ఈ ప్రాంతపు చెరువులు నిండుతాయా ఎండుతాయా అని సర్కారు తరఫున మొట్టమొదట లెక్కగట్టినవాళ్లు ఇక్కడి మొగులును చూడలేదు. వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉత్తరాన హిమాలయాల మీద పేరుకున్న మంచును చూశారు. 1886 జూన్ 4న భారత వాతావరణ శాఖ అధిపతి హెన్రీ ఫ్రాన్సిస్ బ్లాన్‌ఫోర్డ్ ఆ ఏటి నైరుతి రుతుపవనాల మీద తన అంచనా వెలువరించాడు. దేశం మొత్తానికీ, బర్మాకూ కలిపి వేసిన లెక్క అది. కొడిమ్యాల రైతు చెవిన పడే దారే అప్పుడు లేదు. ఒకవేళ పడినా, ఒడ్డు మీద నిలబడి దాంతో ఆయన చేయగలిగిందీ ఏమీ లేదు.

అంచనా కట్టేవాడికీ, వాన కోసం ఎదురుచూసేవాడికీ నడుమ ఉన్న ఆ ఎడం తగ్గడానికి నూరేళ్లకు పైనే పట్టింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

జగిత్యాల జిల్లాలో కొండగట్టుకు దగ్గరగా గుట్టలు, అడవి, వాటి కింద చెరువులు ఉన్న మండలం కొడిమ్యాల. ఈ జిల్లాలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడుతుంది. అందులో నూటికి ఎనభై పాళ్లు జూన్ నుంచి సెప్టెంబర్ లోపలే. 1963 జూలై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు ప్రాజెక్టు కాకతీయ కాలువ కోరుట్ల, జగిత్యాల వైపు పల్లపు పొలాల రాత మార్చింది గానీ, కాలువ అందని మిట్ట పొలాలకు ఆకాశమే దిక్కు. ఏటా ఎండాకాలం చివర ఊళ్లో వినబడే ప్రశ్న ఒక్కటే: ‘ఈ ఏడు కాలమైతదా?’

ఆ ప్రశ్నకు జవాబు వెతికిన చరిత్ర ఈ గోదావరి తీరంలో చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రం ధాన్యాగారం ముందు అరత్ని వెడల్పు మూతి ఉన్న కుండను వానను కొలిచేందుకు పెట్టమంటుంది. అరత్ని అంటే సుమారు మూర. ఏ దేశంలో ఎంత వాన పడుతుందో కూడా ఆ గ్రంథం చెబుతుంది. శామశాస్త్రి ఆంగ్లానువాదం ప్రకారం అశ్మక దేశంలో పదమూడున్నర ద్రోణాలు, అవంతిలో ఇరవై మూడు, హిమాలయ ప్రాంతంలో లెక్కలేనంత. అశ్మకుల రాజధానిని చాలామంది చరిత్రకారులు నేటి బోధన్‌గా గుర్తించారు. అక్కడినుంచి గోదావరి వెంట కిందికి వస్తే, సాతవాహనుల తొలి నాణేలు దొరికిన కోటిలింగాల జగిత్యాల జిల్లాలోనే ఉంది. తెలంగాణ నేల మీద పడే వానకు అంకె వేసిన పాత రాతల్లో ఇంతకంటే ముందుది చూపించడం కష్టం. బృహస్పతి, శుక్రుల నడకను బట్టి వానను ముందే అంచనా వేయవచ్చని కూడా అర్థశాస్త్రం అంటుంది. అంటే కొలతా జోస్యమూ ఆనాడే రాజ్యం చేతిలో ఉన్నాయన్నమాట. పన్ను వేయాలంటే పంట తెలియాలి, పంట తెలియాలంటే వాన తెలియాలి.

ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఇంకో అడుగు ముందుకేశాడు. మేఘం చలికాలంలో గర్భం దాలుస్తుందని, 195 రోజులకు ప్రసవిస్తుందని ఆయన సిద్ధాంతం. మార్గశిరం నుంచి మబ్బుల రంగు, గాలి దిక్కు, సూర్యచంద్రుల చుట్టూ పడే వెలుగు వలయాలు రోజువారీగా రాసిపెట్టుకుంటే ఆరున్నర నెలల తర్వాత ఏ రోజున వాన పడేదీ తెలుస్తుందన్నాడు. లెక్క నిలవదు. కానీ రానున్న వానకాలం జాడ ముందటి చలికాలంలోనే ఉంటుందన్న ఆ ఊహ గమనించదగ్గది. పదమూడు వందల ఏళ్ల తర్వాత బ్లాన్‌ఫోర్డ్ వెతికిందీ అక్కడే.

పల్లెలో మాత్రం సంస్కృత గ్రంథాల కంటే కార్తెలదే రాజ్యం. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు ఒక కార్తె. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయి. మిరుగం, అంటే మృగశిర, జూన్ 7, 8 తేదీల్లో ప్రవేశిస్తుంది. ఆ రోజు తెలంగాణలో చేపల కూర వండని ఇల్లు తక్కువ. తర్వాత ఆరుద్ర. తొలివానలకు తడిసిన నేలలోంచి మఖమల్ గుడ్డలా ఎర్రగా బయటికొచ్చే ఆరుద్ర పురుగును చూసి పిల్లలు సంబరపడతారు, పెద్దలు నాగలి సవరించుకుంటారు. ఆగస్టు నడుమ దాటాక వచ్చే మఖ, పుబ్బ కార్తెలు వట్టిపోతే కరువేనని సామెత. ఉత్తర కూడా ఎండితే ‘ఉత్తర చూసి ఎత్తర గంప’ అని ఇంకో సామెత. గంప నెత్తిన పెట్టుకుని ఊరు విడవమని దాని అర్థం. పాలమూరు నుంచీ కరీంనగర్ నుంచీ బొంబాయి, భివండి, తర్వాత దుబాయి దారి పట్టిన తరాలకు ఆ సామెత వివరించి చెప్పనక్కర్లేదు.

కార్తెలను శాస్త్రం కాదని కొట్టిపారేసేవాళ్లూ, శాస్త్రాన్ని మించినవని మొక్కేవాళ్లూ ఒక సంగతి మరిచిపోతుంటారు. కార్తె రేపటి వానను చెప్పదు. వందల ఏళ్ల సగటును చెబుతుంది. మిరుగంలో వాన పడాలి అనడం వేరు, ఈ మిరుగంలో పడుతుంది అనడం వేరు. పైగా ఆ సగటు కూడా నిలకడగా లేదు. కార్తెలు నక్షత్రాలను బట్టి నడుస్తాయి, రుతువులు సూర్యుని అయనాన్ని బట్టి నడుస్తాయి. రెంటికీ మధ్య సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున తేడా పెరుగుతూ పోతుంది. ఆ లెక్కన వరాహమిహిరుని కాలంలో మృగశిర కార్తె ఇప్పటికంటే దాదాపు మూడు వారాల ముందు, మే నడిమి ఎండల్లో వచ్చి ఉండాలి. కార్తెల సామెతలు మారకుండా ఉండిపోయాయంటే తరతరాల రైతులు వాటిని నిశ్శబ్దంగా సవరించుకుంటూ వచ్చారనే అనుకోవాలి.

రేపటి వాన సంగతికి వాళ్ల దగ్గర వేరే గుర్తులుండేవి. చీమలు గుడ్లు మోసుకుని గోడలెక్కడం, తూనీగలు తలెత్తు ఎగరడం, ఈశాన్యాన మెరుపు. వీటన్నిట్లో పరీక్షకు బాగా నిలిచేది వరదగుడి. చంద్రుని చుట్టూ గుండ్రంగా పడే వెలుగు గీత అది. ‘దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన’ అని దానికో సూత్రం.

ఈ సూత్రం దగ్గర కాసేపు ఆగడం మంచిది. చంద్రునికి దూరంగా పెద్ద గుడి కట్టాలంటే ఆకాశంలో మంచు పలుకులు ఉండాలి. భూమికి ఆరేడు కిలోమీటర్లకు పైన పలచటి తెరలా పరుచుకునే మబ్బుల్లోని ఆరుపలకల మంచు స్ఫటికాలు వెన్నెలను 22 డిగ్రీల కోణంలో వంచితే ఆ వలయం కనబడుతుంది. బంగాళాఖాతంలోంచి అల్పపీడనం వస్తున్నప్పుడు దానికి ముందుగా పైపైన పాకివచ్చేది తరచుగా ఇలాంటి మబ్బే. అసలు వాన ఒకటి రెండు రోజుల వెనక ఉంటుంది. చంద్రుణ్ణి అంటుకున్నట్టు కనబడే చిన్న గుడి వేరు. అది తక్కువ ఎత్తు మబ్బుల్లోని సన్నటి నీటి బిందువులవల్ల ఏర్పడుతుంది, వానకు సూచన కానక్కర్లేదు. గుట్టల మీద పడని మంచు గుట్టల పైన ఆకాశంలో ఉంటుందని కొడిమ్యాల రైతుకు ఎవరూ చెప్పలేదు. ఆ మంచు ఆనవాలును చదవడం మాత్రం ఆయన నేర్చాడు. తప్పులు లేవని కాదు. గుడి కట్టీ వాన రాని రాత్రులు బోలెడు. కానీ ఒక రోజు ముందు చేసే హెచ్చరికగా, ఎలాంటి పరికరమూ లేని చోట, ఇది తీసిపారేసేది కాదు.

ఉగాదినాటి పంచాంగ శ్రవణం మరో తోవ. ధర్మపురి నరసింహస్వామి గుడిలో గానీ ఊరి రామాలయంలో గానీ అయ్యవారు నవనాయకుల ఫలాలు చదువుతారు. మేఘాధిపతి ఎవరో, ఈ ఏటి వానలో ఎన్ని పాళ్లు సముద్రంలో, ఎన్ని పర్వతాల మీద, ఎన్ని నేల మీద పడతాయో చెబుతారు. జనం వింటారు, ఉగాది పచ్చడి తింటారు. దాన్ని నమ్మి విత్తనం మార్చిన రైతు అరుదు. వాన మొహం చాటేసినప్పుడు మాత్రం వేడుకోళ్లు నిజంగానే నడిచేవి. రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇల్లిల్లూ తిరిగితే ఆడవాళ్లు కడవలతో నీళ్లు కుమ్మరించే కప్పతల్లి ఆట, గుళ్లో విరాటపర్వ పారాయణం, వేములవాడ రాజన్నకు అభిషేకాలు. ఇవి అంచనాలు కావు, అర్జీలు.

ఇంగ్లీషు సర్కారు వాతావరణ శాఖ పెట్టడానికి కారణం శాస్త్రాభిలాష ఒక్కటే కాదు. 1864 అక్టోబర్‌లో కలకత్తా తుఫాను, 1866లో ఒడిశా కరువు వాళ్లను ఉలిక్కిపడేలా చేశాయి. 1875లో శాఖ పుట్టింది, బ్లాన్‌ఫోర్డ్ దానికి మొదటి అధిపతి. కుర్చీలో కుదురుకునేలోపే 1876–78 మహాకరువు దక్కన్‌ను ఊడ్చింది. నిజాం రాజ్యం కూడా ఆ దెబ్బ తిన్నది. ముందే తెలుసుకునే ఉపాయం లేదా అని పైవాళ్లు అడిగారు. బ్లాన్‌ఫోర్డ్ పాత చిట్టాలు తిరగేస్తే, హిమాలయాల్లో మంచు ఎక్కువగా, ఆలస్యంగా కురిసిన ఏడాది తర్వాత వాన తగ్గినట్టు కనబడింది. 1884లో దీన్ని రాయల్ సొసైటీకి నివేదించాడు. కారణం తేలిగ్గానే అర్థమవుతుంది. మంచు ఎండను తిప్పికొడుతుంది, కరగడానికి వేడిని మింగుతుంది. నేల వేడెక్కడం ఆలస్యమైతే సముద్రం మీది గాలిని లాగే బలం తగ్గుతుంది. మధ్యధరా వైపు నుంచి చలికాలంలో వచ్చే తుఫానులు కొండల మీద ఎంత మంచు కురిపించాయో చూసి, ఆ కొండల దక్షిణాన ఎంత వాన పడుతుందో చెప్పే పద్ధతి అలా మొదలైంది. పర్వతాల్లో హిమపాతాన్ని గమనించడం అప్పటినుంచి దక్కన్ పీఠభూమి రైతు బతుకుతో ముడిపడిపోయింది.

బ్లాన్‌ఫోర్డ్ వారసుడు జాన్ ఎలియట్‌కు ఈ పద్ధతి మీద అతి నమ్మకం ఏర్పడింది. పేజీలకొద్దీ అంచనాలు రాసేవాడు. 1899లో వానలు బాగుంటాయని చెప్పాడు. ఆ ఏడు దేశ చరిత్రలోనే ఘోరమైన అనావృష్టుల్లో ఒకటి. పత్రికలు ఏకిపారేశాయి. ఆ తర్వాత కొన్నేళ్లపాటు అంచనాలను బయటపెట్టకుండా అధికారుల మధ్యే రహస్యంగా ఉంచారు. తప్పు చెప్పిన జోస్యుడు ఊరు విడిచిపోవడం మామూలే గానీ, జోస్యాన్నే బీరువాలో పెట్టి తాళం వేయడం సర్కారుకే చెల్లింది.

1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ వాతావరణ శాస్త్రవేత్త కాదు, కేంబ్రిడ్జి గణితవేత్త. అదే మేలైంది. ఊహల్ని పక్కనపెట్టి ప్రపంచం నలుమూలల నుంచి అంకెలు తెప్పించాడు. గుమస్తాల చేత గుణకారాలు చేయించాడు. హిమాలయాల మంచుకు తోడుగా మారిషస్‌లో గాలి పీడనం, జాంజిబార్‌లో వాన, దక్షిణ అమెరికాలో పీడనం ఆయన సమీకరణంలోకి వచ్చాయి. ఇరవయ్యేళ్ల ఈ వేటలోనే పసిఫిక్, హిందూ మహాసముద్రాల మధ్య పీడనం తూగుటుయ్యాలలా ఊగుతుందని కనిపెట్టి, దక్షిణ డోలనం అని పేరు పెట్టాడు. ఈనాడు ప్రతి టీవీ చానెల్ పలికే ఎల్‌నినో కథలో సగం అదే. భారతదేశం మొత్తాన్ని ఒక్క ముద్దగా చూడటం కుదరదని గ్రహించి ద్వీపకల్పాన్ని విడిగా లెక్కించడం కూడా ఆయనతోనే మొదలు. కొడిమ్యాల వైపు ఆ శాఖ వేసిన మొదటి అడుగు ఇదనుకోవచ్చు, ఇంకా చాలా దూరాన ఉన్నా.

ఇదంతా జరుగుతున్న రోజుల్లో హైదరాబాద్ రాజ్యంలో ఏముంది? 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత డబ్బుతో పెట్టిన నిజామియా వేధశాల ఉంది. దాని చూపు ప్రధానంగా నక్షత్రాల మీద. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వచ్చింది. శంషాబాద్‌లో ఒక్క రోజులో పన్నెండు అంగుళాలకు పైగా కురిసింది. మూసీ పరీవాహకంలో ఉన్న 788 చెరువుల్లో 221 తెగాయని తర్వాత పరిశీలించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య లెక్క చెప్పారు. పది, పదిహేను వేలమంది చనిపోయారని అంచనాలు. దాని ఫలితంగా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వానను ముందుగా పసిగట్టే ఏర్పాటు కంటే, వచ్చిన నీటిని పట్టి ఉంచే ఏర్పాటు మీదే రాజ్యం నమ్మకం పెట్టుకుంది. నిజానికి చెరువుల దేశానికి అదే సహజమైన ఆలోచన. కాకతీయుల కాలం నుంచీ తెలంగాణ రైతు వానను ఊహించలేకపోతే దాచుకోవడం నేర్చాడు. కట్ట, తూము, అలుగు, ఇవే ఆయన వాతావరణ శాఖ.

రైతుకోసమే వాతావరణం చూడాలన్న ఆలోచన 1932లో పుణెలో ఎల్.ఎ. రాందాస్ సారథ్యంలో మొదలైన వ్యవసాయ వాతావరణ విభాగంతో రూపు కట్టింది. 1945 నుంచి రైతుల వాతావరణ సమాచారం రేడియోలో దేశభాషల్లో ప్రసారమైంది. తెలంగాణ పల్లెల్లో పంచాయతీ రేడియో, ఆ తర్వాత ట్రాన్సిస్టర్ వచ్చాకే అది నిజంగా చెవిన పడింది. కానీ తెలంగాణ అంతా వాతావరణ శాఖ లెక్కలో ఒకే ఉపవిభాగం. ఆదిలాబాద్ అడవికీ నల్లగొండ చెలకకీ కలిపి ఒకే మాట. రేడియోలో వాన అని చెబితే వడ్లు ఎండబోసుకోవచ్చని రచ్చబండ మీద పరాచికాలాడటం అప్పటిదే. ఆ పరాచికానికి కారణం అబద్ధపు జోస్యం కాదు, మరీ వెడల్పైన జోస్యం. ఎక్కడో కురిసేది నిజమే, మనూళ్లో కాదు.

శాస్త్రం వైపు మాత్రం ఒక తెలుగువాడు కొండలకూ వానకూ ఉన్న సంబంధాన్ని కొత్తగా చూపించాడు. పంచేటి కోటేశ్వరం 1958లో రాసిన పత్రంలో, వానకాలంలో దక్షిణ భారతం మీదుగా పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమటికి పరుగెత్తే బలమైన గాలి ప్రవాహాన్ని వర్ణించాడు. టిబెట్ పీఠభూమి ఎండాకాలంలో వేడెక్కడమే దానికి మూలమని వాదించాడు. బ్లాన్‌ఫోర్డ్ కొండల మీది చలిని చూస్తే, కోటేశ్వరం కొండల మీది వేడిని చూశాడు. ఒకే నాణేనికి రెండు ముఖాలు. తర్వాత ఆయనే వాతావరణ శాఖ డైరెక్టర్ జనరల్ అయ్యాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు కనబడకపోవడం మన నిర్లక్ష్యం.

1976లో హాన్, జగదీశ్ శుక్లా అనే శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాలతో యూరప్, ఆసియాల మీది మంచు విస్తీర్ణాన్ని కొలిచి బ్లాన్‌ఫోర్డ్ మాటలో నిజముందని మళ్లీ తేల్చారు. 1988లో వసంత్ గోవారికర్ బృందం పదహారు అంశాల సమీకరణం తయారుచేస్తే అందులోనూ హిమాలయ మంచుకు చోటు దక్కింది. పద్నాలుగేళ్లు బండి సాఫీగా నడిచింది. 2002 జూలైలో దేశమంతటా వాన సగానికి పడిపోయింది. ఆ మాట పదహారు అంశాల్లో ఏదీ చెప్పలేదు. మరుసటేడు ఆ నమూనాను పక్కనపెట్టారు. ఎలియట్‌కు 1899 ఎలాగో, ఈ నమూనాకు 2002 అలాగ. మొత్తం మీద ఈ నూరేళ్ల కథలో కనబడేది ఒకటుంది: మంచు, మారిషస్, పసిఫిక్ అని ఎన్ని కలిపినా అడిగిన ప్రశ్న మాత్రం ‘ఈ ఏడు దేశానికి ఎంత వాన?’ అనే. అది ధాన్యం దిగుమతి చేసుకోవాల్సిన ఢిల్లీ ప్రశ్న. ‘ఇయ్యాల విత్తనం పెట్టాల్నా, ఆగాల్నా?’ అనేది కొడిమ్యాల ప్రశ్న.

2023వ సంవత్సరం ఈ తేడాను కళ్లకు కట్టింది. ఆ మార్చి 16న వికారాబాద్ జిల్లా మర్పల్లిలో రాళ్లవాన పడి రోడ్లు, చేన్లు తెల్లగా కప్పుకుపోయాయి. తెలంగాణలో కశ్మీర్ అంటూ ఫొటోలు ఫోన్లన్నీ తిరిగాయి. చూడ్డానికి బాగుంది, చేను గలవాడికి మాత్రం కాదు. అకాలవర్షాలకు పంట నష్టపోయిన రైతులకు ఎకరానికి పదివేలు ఇస్తామని ఆ నెలలోనే ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. ఎండాకాలం మొదట్లో కింద వేడి, తేమ గాలి, పైన పొడిగా చల్లటి గాలి కలిస్తే మబ్బు పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తుకు లేస్తుంది. అక్కడ నీటిచుక్క గడ్డకట్టి, పైకీ కిందికీ ఊగుతూ పొర మీద పొర చేర్చుకుని రాయై పడుతుంది. జగిత్యాల వైపు అదే సమయంలో మామిడి కాయ మీద ఉంటుంది, యాసంగి వరి పొట్టమీదో కోతకో ఉంటుంది. చల్‌గల్ మార్కెట్‌కు ఢిల్లీ వ్యాపారులు వచ్చే ముందు ఒక్క సాయంత్రం చాలు, ఏడాది కష్టం నేలరాలడానికి.

అదే ఏడు జూలై 27 పొద్దుటికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఇరవైనాలుగు గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. 2013లో వాజేడులో పడిన 517.5 మిల్లీమీటర్ల పాత రికార్డు చెరిగిపోయింది. నెల తిరిగేసరికి, 1901 తర్వాత దేశంలో అంత పొడిగా గడిచిన ఆగస్టు లేదన్నారు. రాళ్లవాన, వరద, వరపు, మూడూ ఒకే ఏట. ఆ ఏడు దేశంలో కాలం మొత్తం వాన సగటులో 94 శాతం. అంకె చూస్తే పెద్దగా ఏమీ జరగలేదనిపిస్తుంది.

అంతకు ముందేడు, 2022 జూలై రెండో వారంలో, గోదావరికి ఆవలి ఒడ్డున కడెం ప్రాజెక్టుకు గేట్ల సామర్థ్యం మూడు లక్షల క్యూసెక్కులైతే ఐదు లక్షలకు పైగా వరద వచ్చిపడింది. కట్ట నిలవడం అదృష్టం. 2021 సెప్టెంబర్‌లో సిరిసిల్ల పట్టణంలో వీధులు వాగులయ్యాయి. మరమగ్గాలున్న ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. భారీ వర్షసూచన ఈ సందర్భాల్లో లేకపోలేదు. వాతావరణ శాఖ లెక్కలో రోజుకు 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతిభారీ, 204.5 నుంచి అత్యంత భారీ వర్షం. పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలు వీటిని బట్టే. కానీ ఏ వాగుకు ఎంత నీరు, ఎన్ని గంటలకు వస్తుందో చెప్పే పని వానను చెప్పడంతో ముగియదు.

ఈ పదిహేను, ఇరవయ్యేళ్లలో మారింది దగ్గరి చూపు. ఒకప్పుడు తాలూకా కచేరీలో, తర్వాత మండల కార్యాలయంలో ఒక్క వానమాపకం ఉండేది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు గాజు కొలపాత్రలో పోసి చూసి రిజిస్టర్‌లో రాసేవారు. ఇప్పుడు రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థ పెట్టిన వెయ్యికి పైగా స్వయంచాలిత కేంద్రాలు వాన, ఎండ, గాలి, తేమ కొలిచి గంటగంటకూ పంపుతాయి. ఎండాకాలం జగిత్యాల జిల్లాలో ఫలానా ఊళ్లో 46 డిగ్రీలు దాటిందని మనకు తెలుస్తున్నది వాటివల్లే. రాడార్ విషయంలో మాత్రం కొరత ఉంది. హైదరాబాద్ రాడార్‌కు కొడిమ్యాల సుమారు 135 కిలోమీటర్ల దూరం. భూమి వంపు వల్ల అంత దూరం వచ్చేసరికి రాడార్ కిరణం రెండు కిలోమీటర్లకు పైగా ఎత్తున పోతుంది. దాని కింద జరిగేదాన్ని అది చూడలేదు. ఉత్తర తెలంగాణకు సొంత రాడార్ అక్కర ఉంది.

జోస్యం పొలంలోకి నిజంగా దిగింది జగిత్యాల పక్కన పొలాసలో. కాకతీయుల కంటే ముందు పొలవాస నాయకులు ఏలిన ఊరది. అక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం పేరు జగిత్యాల సన్నాలు అనే వరి వంగడంతో ఊరూరా తెలుసు. అక్కడినుంచే ప్రతి మంగళ, శుక్రవారాల్లో వచ్చే ఐదు రోజుల వాతావరణం, దాంతోపాటు ఏం చేయాలో రైతులకు సలహా వెలువడుతుంది. మందు కొట్టడం ఆపండి, కోసిన వడ్ల మీద టార్పాలిన్లు కప్పండి, నారుమడిలో నీళ్లు తీయండి, ఇలా ఉంటాయి ఆ మాటలు. మిరుగం రాగానే పత్తి గింజ పెట్టే తొందరకు అది అడ్డుపడుతుంది. నేలను బట్టి 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి, పదును బాగా దిగాకే విత్తమంటుంది. పాతకాలపు రైతు చేను తవ్వి పదును జానెడు దిగిందో మూరెడు దిగిందో చూసుకున్నది కూడా ఈ కొలతకే. వానలు ఆలస్యమైతే దీర్ఘకాలిక వరి మాని తక్కువ రోజుల వంగడం వేసుకోమన్న సలహా, కార్తె తప్పితే పంట మార్చుకునే పాత తెలివికి కొనసాగింపే. తేడా ఒక్కటే. పాత రైతుకు కార్తె గడిచాక తెలిసేది, ఇప్పుడు ఐదు రోజుల ముందు తెలుస్తుంది.

బ్లాన్‌ఫోర్డ్ మంచును శాఖ ఇప్పటికీ గమనిస్తూనే ఉంది. కానీ ఏప్రిల్‌లో వెలువడే తొలి అంచనాకు నేడు ఆధారం సముద్రాన్నీ గాలినీ కలిపి నడిపే కంప్యూటర్ నమూనాలు. ఆ అంచనాతో కొడిమ్యాల రైతుకు ఒరిగేది నేటికీ తక్కువే. మంగళవారం సలహాతో ఒరిగేది ఎక్కువ. పొగడ్త దక్కాల్సింది దానికే. చదివేవాళ్లు మాత్రం చాలక, సగం సలహాలు వాట్సాప్ గుంపుల్లో పండగ శుభాకాంక్షల కింద పూడుకుపోతున్నాయి. ప్రతి రైతు వేదికలోనూ, వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గరా దాన్ని బోర్డు మీద సుద్దముక్కతో రాస్తే ఖర్చు ఏమీ లేదు.

ఇంకో పని కూడా మిగిలి ఉంది. స్వయంచాలిత కేంద్రాల లెక్కలు ఈ తరానివి. వాన తీరు మారిందా లేదా అని తేల్చాలంటే తాత ముత్తాతల కాలపు రోజువారీ అంకెలు కావాలి. తాలూకాలు మండలాలై, ఒక జిల్లా నాలుగై, కార్యాలయాలు భవనాలు మారినప్పుడల్లా పాత వాన రిజిస్టర్లు కట్టలు కట్టలుగా మూలనపడ్డాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, కొడిమ్యాల కచేరీల అటకల మీద, లేదా రిటైరైన పట్వారీల ఇళ్లలో, అలాంటి పుస్తకం ఎవరి కంటబడినా తూకానికి అమ్మకండి. పేజీ పేజీ ఫొటో తీసి పొలాస పరిశోధన స్థానానికి అందజేయండి.